అట్ట లేని మాత్రలు

మాది కదిరి దగ్గర పల్లె. డిగ్రీ చివరి ఏడాదిలో నాకు నెలసరి గతి తప్పింది. డాక్టరమ్మ పీసీఓఎస్ అని అనుమానించి, హార్మోన్ల రక్తపరీక్ష రాశారు. "మాత్రలేమైనా వాడుతున్నావా?" అని ఆమె అడిగితే లేదన్నాను. అమ్మ అప్పుడప్పుడు అట్టలోంచి తీసి చేతిలో పెట్టే బలం మాత్రలు నాకు గుర్తుకే రాలేదు. పక్కనే ఉన్న అమ్మ చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

నాకు పిల్లలు పుట్టరేమోనని ఏడిస్తే అమ్మే కళ్లు తుడిచింది.

ల్యాబులో పరగడుపున చెయ్యి చాచి కూర్చున్నాను. రక్తం తీసే అమ్మాయి, "హార్మోను మాత్రలు మింగింటే రిపోర్టు తప్పొస్తాదక్కా, ఏం లేవు గదా?" అంది. సూది గుచ్చబోతుంటే అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేనే ఇచ్చినా. ముట్టు ఆపే మాత్రలు."

"బలానికంటివే!"

"ఇంట్లో అమ్మవారికి దేవర పెట్టుకుంటిమి, మళ్లా మీ అన్న పెండ్లి. నువ్వు బయట చేరితే ఎట్ల పాపా? చెప్తే మింగుతాంటివా?"

నా ఒంట్లోనే ఏదో లోపముందని నేను కుమిలిపోతుంటే, అన్నీ తెలిసి ఊరకే చూసింది!

పరీక్ష లేకుండానే బస్సెక్కాము. మాత్రలు మానాక నెలసరి సరిగ్గా వచ్చింది. ఇప్పటికీ అమ్మ తలనొప్పికి మాత్ర ఇస్తే అట్ట చూపించమంటాను. చూపిస్తుంది. నా ముఖం మాత్రం చూడదు.