ఎనిమిదో ముక్క

మా ఇంట్లో నా నోటికి జడవని వాళ్ళు లేరు. మీర్‌పేట్‌లో మా వీధి కుళాయి దగ్గర కూడా అంతే. అలాంటి దానికి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెడికల్ ఎంట్రన్స్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన కొన్నాళ్ళకే నోరు మూతపడింది.

ఆ ఏడు స్వైన్ ఫ్లూ భయం. బస్సుల్లో అందరి మూతులకూ గుడ్డలే. జువాలజీ సార్‌ది గుంటూరు వైపు, సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఒకే పోగుగా ఉండదనీ, ఎనిమిది ఆర్ఎన్ఏ ముక్కలుగా ఉంటుందనీ చెప్పారు. కణంలోకి దూరాక ఒక్కో ముక్కకీ లెక్కలేనన్ని నకళ్ళు తయారవుతాయట. బయటికొచ్చే ప్రతి కొత్త వైరస్‌లోనూ ఎనిమిది రకాలూ ఒక్కొక్కటి చొప్పున ఉండాలట. ఒక్కటి తగ్గినా అది దండగేనట. నా మనసు అక్కడే చిక్కుకుపోయింది. లేచి అడిగేశాను.

"అన్నన్ని ముక్కలల్లకెళ్ళి గా ఎనిమిది రకాలే ఒక్కతాన ఎట్ల జమైతయ్ సార్?"

క్లాసంతా గొల్లుమంది. "జమైతయ్ అంట!" అని వెనక బెంచీ నుంచి ఎవరో సాగదీశారు. హాస్టల్లో ఉండి చదువుకునే కోస్తా అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వనిది సార్ ఒక్కరే. "నవ్వేదేముంది ఇందులో? అసలు ప్రశ్న అదే. నాకూ పూర్తిగా తెలీదు, చదివి చెబుతాను," అన్నారు. అయినా మర్నాటినుంచి నా పేరు 'జమైతయ్' అయిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్ళ మీద కోపం వస్తే బాగుండేది. నా మాట మీద నాకే రోత పుట్టింది. ఇంట్లో మా అమ్మ 'ఒస్తున్నవా బిడ్డా' అన్నా చిరాకు పడేదాన్ని.

డౌటు అడగడం మానేశాను. మానేస్తే మార్కులు ఊరుకుంటాయా? వారం వారం జారాయి. "గీ ఒక్క ఏడే బిడ్డా, మల్ల నాతోని కాదు," అని మా నాన్న ముందే చెప్పాడు. నోరు తెరిస్తే పరువు పోయేలా ఉంది, తెరవకపోతే డాక్టరు చదువే పోయేలా ఉంది.

ఇంతలో తెలంగాణ ఉద్యమం వేడెక్కింది, వరసగా బంద్‌లు. బంద్ రోజుల్లో కోచింగ్ సెంటర్లది ఒక పద్ధతి. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి రావాలి, మెట్ల దగ్గర ఒక్క జత కూడా బంద్ చేయించేవాళ్ళ కంట పడకూడదు. షట్టరు దించేసి గుసగుసగా పాఠం చెప్పేవాళ్ళు. అలాంటి ఒక రోజు సార్ నా ప్రశ్నకి జవాబు పట్టుకొచ్చారు.

"సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు. అయినా వినండి," అన్నారు. ముక్కలు సంచిలో పడ్డట్టు ఎలా పడితే అలా చేరవనే ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారట. ప్రతి ముక్క చివర్లలోనూ దానికే సొంతమైన గుర్తు ఉంటుందట. ఆ గుర్తుల సాయంతో ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ, వైరస్‌ని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో ఒకటి, చుట్టూ ఏడు కనబడ్డాయనీ చెప్పారు. అది మాకు అర్థం కావాలని ఎనిమిది మందిని లేపి, కళ్ళకి చున్నీలూ రుమాళ్ళూ కట్టించి, తలా ఒక మూలన నిలబెట్టారు. "మీ గొంతే మీ గుర్తు. మెల్లగా పిలుచుకుంటూ ఒకళ్ళ చేయి ఒకళ్ళు పట్టుకోండి. ప్రశ్న అడిగిన అమ్మాయి ఎనిమిదో ముక్క," అన్నారు.

"ఇటు రండి", "ఇక్కడున్నానే" అని గుసగుసలు మొదలయ్యాయి. నేను పెదవి విప్పలేదు. విప్పితే మళ్ళీ నవ్వుతారు. వాళ్ళ చేతులు కలుస్తున్న చప్పుడు వినబడుతోంది, నా వైపు ఎవరూ రావడం లేదు. "ఏడే వచ్చాయి. ఇది కణంలోకి దూరగలదు గానీ పిల్లల్ని పెట్టలేదు. ఏదీ ఎనిమిదో ముక్క?" అన్నారు సార్. "జమైతలేదు సార్!" అంది ఒకమ్మాయి. ఆపుకోలేని నవ్వులు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేనీడ్నే ఉన్న! ఎవరన్న పట్టుకుంటె గదా!" అని ఏడుస్తూ అరిచేశాను.

ఆ అరుపు రోడ్డు మీదికి వినబడింది. షట్టరు మీద దబదబా బాదారు. "లోపల మన పిల్ల ఏడుస్తుందిరా!" అని ఎవరో అనడం, షట్టరు లేవడం ఒక్కసారే అయ్యాయి. నేను గంత లాగేసుకునేసరికి ఉద్యమం కండువాల మనుషులు లోపలికొచ్చేశారు. ఒకాయన సార్ కాలరు పట్టుకున్నాడు. "బంద్ నాడు షట్టర్ దించి ఆడపిల్లల కండ్లకు గంతలు కడ్తవా? ఏమన్నడు చెల్లె నిన్ను? చెప్పు!"

సార్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. హాస్టల్ అమ్మాయిలు నా వెనక్కి చేరి, "చెప్పవే, నువ్వు చెప్తేనే వింటారు," అని నన్ను ముందుకు తోస్తున్నారు.

"ఇడ్వు అన్నా, పాఠం చెప్తున్నడు సార్," అన్నాను. "ఫ్లూ పురుగుకు ఎనిమిది ముక్కలుంటయ్. గవి ఒకదాన్నొకటి పట్టుకుంటెనే కొత్త పురుగు మంచిగ పుడ్తది. గవి ఎట్ల జమైతయని నేనే అడిగిన. నా కోసమే గీ ఆట ఆడిపిస్తున్నడు. సార్ నన్నేమన్లే."

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. కండువా ఆయన సార్ కాలరు వదిలాడు. "గట్లనా. చదువుకోర్రి. గని బంద్ నాడు కాదు," అని మమ్మల్నందరినీ బయటికి పంపించాడు.

చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే సార్ నా వెనకే వచ్చారు. చొక్కా పై గుండీ తెగి వేలాడుతోంది. "మీరు లేకపోతే ఇవాళ నా పని అయిపోయేదండీ," అంటూ, నిన్నటిదాకా నన్ను 'నువ్వు' అన్న మనిషి దండం పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్లాసులో నా ప్రశ్నని ప్రశ్నలా విన్నది ఆయన ఒక్కరే. ఇప్పుడు నా ముందు ఆయన నిలబడిన తీరు చూస్తే, అరిచింది నేను కాకుండా ఉంటే బాగుండుననిపించింది.

"నన్ను మీరు అనకండి సార్," అన్నాను.

"సరేనండీ," అన్నారు.