ముసుగు డాక్టరుకి కాలికో బైండు

ప్రపంచ యుద్ధాన్ని తట్టుకుని, అరవై ఏళ్ళు చెక్కుచెదరకుండా నిలిచిన ఒక మహావీరుణ్ణి కత్తెర, దబ్బనం, మైదాపిండి జిగురుతో ఒక్క మధ్యాహ్నంలో మట్టుబెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఆ ఘోరం చేశాక చేతులు కడుక్కుని, డైరీలో "ఈ రోజు ఉపయోగకరంగా గడిచింది" అని రాసుకున్నాను కూడా.

అది రెండువేల ఏడో సంవత్సరం. అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మా ఇల్లు. రోడ్ల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి అప్పుడే రిటైరయ్యాను. క్రమశిక్షణ గల మనిషి రిటైరైతే ఇంట్లోవాళ్ళకి ఎంత ప్రమాదమో అనుభవించినవాళ్ళకే తెలుసు. అప్పటికే వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్ళు అంటించి అకారాది క్రమంలో పేర్చేశాను. "జీలకర్ర దొరకాలంటే నేను మళ్ళీ ఒకటో తరగతిలో చేరాలా?" అని మా ఆవిడ సరోజ దండం పెట్టేసింది.

మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా మనవరాలు అన్విత మా ఇంట్లోనే ఉండేది. పదమూడేళ్ళ పిల్ల. ఆ శనివారం ఊళ్ళో లైబ్రరీలో మాట్లాడబోతోంది. విషయం: సూపర్‌హీరో కామిక్ పుస్తకాలు ఎలా పుట్టాయి. పక్కింటి వాల్టర్ ఆ సంగతి విని, తన దగ్గరున్న పాత కామిక్కులు కొన్ని ప్రదర్శనకి ఇచ్చాడు. ఆయన రిటైరైన పోస్ట్‌మన్. ఒక్కో పుస్తకాన్నీ ప్లాస్టిక్ సంచీలో పెట్టి, పురిటిబిడ్డని అందించినట్టు రెండు చేతులతో అందించాడు.

"తాతయ్యా, ఇవి నైన్టీన్ ఫార్టీస్‌వి. నేను పోస్టర్ ఫినిష్ చెయ్యాలి. నువ్వు వీటిని నీట్‌గా అరేంజ్ చేస్తావా? మన ఎల్లో కేప్ హీరో అందరికీ కనిపించాలి" అంది అన్విత.

"నీట్‌గా పెట్టడం సంగతి నాకొదిలెయ్యమ్మా!"

ఆ పిల్ల వదిలేసింది. చూశారా, నామీద ఎంత నమ్మకమో!

మర్నాడు అన్విత స్కూలుకెళ్ళాక సంచీలు విప్పాను. కాగితం వేయించిన అప్పడం రంగులో ఉంది. అది సరే, లోపలి గందరగోళం చూసి నా ప్రాణం విలవిల్లాడింది. ఒక్కో పుస్తకంలో అరడజను మంది హీరోలు! మన హీరో, అంటే మెడకి పసుపు దుప్పటి కట్టుకుని ఎగిరే పెద్దమనిషి, కాసిని పేజీల్లో కనిపించి, సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట "మిగతా వచ్చే నెల" అంటాడు. ఆ తర్వాత ఒక డిటెక్టివ్, ఒక గుర్రపువాడు, ఒక మాంత్రికుడు, వాళ్ళ మధ్య తుపాకుల ప్రకటనలు.

ఇదెక్కడో చూశానే అనుకున్నాను. చూడకేం, మన వారపత్రికలు! సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అయిపోగానే వరసగా కుట్టి బైండు చేయించని ఇల్లుండేదా ఆ రోజుల్లో? మా అమ్మ అలా కుట్టిన నవలలు చదివే నేను పెద్దవాణ్ణయ్యాను. పాపం, ఈ వాల్టర్‌కి కుట్టిపెట్టే దిక్కు లేకపోయింది!

దబ్బనం ఎక్కడుందని అడిగితే సరోజకి అనుమానం వచ్చింది.

"పరాయివాళ్ళ పుస్తకాలండీ. ఒక్కమాట అడిగి చెయ్యండి."

"అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుందే?"

"మీ సర్‌ప్రైజులకి నా గుండె దడదడలాడుతుంది" అంటూ దబ్బనం ఇచ్చింది. పాపంలో ఆవిడకీ వాటా ఉందని మనవి చేసుకుంటున్నాను.

పిన్నులు పీకి, మడతల దగ్గర కోసి, పసుపు దుప్పటి వీరుడి పేజీలన్నీ నెలల వారీగా పేర్చాను. డిటెక్టివునీ గుర్రపువాణ్ణీ మాంత్రికుణ్ణీ అట్టలతో సహా వీధి పక్కన పెట్టిన రీసైక్లింగ్ డబ్బాలో పడేశాను. దగ్గరగా కుట్టు వేసి, నీలం కాలికో గుడ్డతో బైండు చేసి, వీపు మీద అందమైన అక్షరాలతో "మొదటి సంపుటం" అని ఇంగ్లీషులో రాశాను. పెళ్ళికూతురిలా ఉంది పుస్తకం.

అన్విత బడి నుంచి వచ్చి ఆ పెళ్ళికూతుర్ని చూసింది.

"తాతయ్యా, ఇదేంటి?"

"మీ హీరో. ఇంక ఎవరి అడ్డూ లేకుండా కనిపిస్తాడు."

"కవర్లు ఏవి?"

"కొత్త అట్ట వేశాక పాత అట్టలెందుకమ్మా? రీసైక్లింగ్‌లో వేశాను."

"ఓ మై గాడ్! తాతయ్యా, టుడే ఈజ్ రీసైక్లింగ్ డే!"

అదే క్షణంలో వీధిలో మా డబ్బా ఖాళీ చేసుకున్న లారీ గుర్రుమంది. నేను చెప్పులు కూడా లేకుండా చేతులు ఊపుతూ పరిగెత్తాను. ప్రతివారం ఆ డ్రైవరుకి చెయ్యి ఊపి పలకరించడం నా అలవాటు. ఈ వారం రెండు చేతులూ ఊపుతున్నానని ముచ్చటపడి, అతను కూడా రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేసరికి అన్విత ఏడుస్తోంది. "మిస్టర్ వాల్టర్ నన్ను ట్రస్ట్ చేశాడు తాతయ్యా. ఇంక నాతో మాట్లాడడు."

"నువ్వు కాదమ్మా, నేను చెబుతాను" అని సంపుటం పట్టుకుని, సరోజ ఇచ్చిన మైసూరుపాకు డబ్బా తోడు తీసుకుని, పక్కింటి తలుపు కొట్టాను. అరవై ఏళ్ళ నాటి కాగితాలకి మైసూరుపాకు ఎలా నష్టపరిహారం అవుతుందని అడక్కండి. ఉత్త చేతులతో వెళ్ళలేకపోయాను.

వాల్టర్ సంపుటాన్ని తిప్పి చూశాడు. తర్వాత ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు.

"చిన్నప్పుడు ఇవన్నీ నాకుండేవి మూర్తీ. యుద్ధం రోజుల్లో సైన్యం అవసరాలకి పాత కాగితం పోగుచేస్తుంటే మా అమ్మ మొత్తం ఎత్తి ఇచ్చేసింది. పెద్దయ్యాక ఒక్కొక్కటే వెతికి సంపాదించుకున్నాను. ముట్టుకుంటే విరుగుతాయని ఒక్కటీ తెరవలేదు."

పుస్తకం తీసుకుని తలుపు వేసేశాడు. మైసూరుపాకు నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత పక్కింటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అన్విత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. సరోజ అవసరానికి మించి మాట్లాడింది. శనివారం పొద్దున మా తలుపు దబదబా మోగింది. చూస్తే వాల్టర్. గడ్డం మాసింది, కళ్ళు ఎర్రబడ్డాయి, చంకలో నీలం సంపుటం.

"పేజీ ఏది?" అని అరిచాడు.

"ఏ పేజీ?"

"ఎలాగూ పాడైపోయింది కదా అని తెరిచాను. వదల్లేకపోయాను. చిన్నప్పుడు ఈ కథ చివరి భాగం చదవకముందే మా అమ్మ ఇచ్చేసింది. ఇన్నాళ్ళకి అక్కడిదాకా వచ్చాను. విలన్ ముసుగు డాక్టరు దొరికిపోయాడు. మన వీరుడు వాడి ముసుగు మీద చెయ్యి వేశాడు. పేజీ తిప్పితే ఇదీ!"

చూపించాడు. కండలు పెంచుకునే విధానం గురించి ప్రకటన. ఒక బక్క కుర్రాడు నావైపు జాలిగా చూస్తున్నాడు.

అప్పుడు వెలిగింది. కొన్ని కాగితాలకి ఒకవైపు కథ, రెండోవైపు ప్రకటన ఉన్నాయి. పాఠకుడికి అడ్డం రాకూడదని ప్రకటనల మీద తెల్లకాగితం అంటించాను. కథ చదివితే కదా ఏది ఎటు అంటించాలో తెలియడానికి! చివరి కాగితంలో బొమ్మల కథలాగే ఉన్న ప్రకటనని పైకి వదిలేసి, అసలు కథ మీద తెల్లకాగితం అంటించేశాను.

"ఊడదీద్దాం" అన్నాను, ఆపరేషన్‌కి సిద్ధమైన సర్జన్‌లా. సరోజ ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టింది. వాల్టర్ సంపుటాన్ని పొదివి పట్టుకున్నాడు. అన్విత పేజీని ఆవిరి మీద ఉంచింది. నేను మూల పట్టుకుని లాగబోతున్నాను.

"మెల్లగా తాతయ్యా! స్లో, స్లో!"

"మెల్లగానే లాగుతున్నానమ్మా."

నా మైదాపిండి జిగురు సంగతి మీకు తెలియదు. తెల్లకాగితం చక్కగా ఊడింది. దాంతోపాటు ముసుగూ ఊడింది, ముసుగు కింది మొహమూ ఊడింది. వీరుడి చేతిలో ఒక తెల్లటి ఖాళీ మిగిలింది.

ముందు వాల్టర్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని సరోజ మంచినీళ్ళు అందించబోయింది. ఆయన నవ్వుతున్నాడు! నవ్వి నవ్వి స్టవ్ పక్కన కూలబడి, అన్విత తల మీద చెయ్యి వేసి, "దీన్నే తీసుకెళ్ళు. ఇలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం లైబ్రరీలో అన్విత ఏ తడబాటూ లేకుండా మాట్లాడింది. దినపత్రికల్లో వచ్చిన బొమ్మల కథల్ని పుస్తకాలుగా వేయడంతో మొదలైన సంగతి, ఆ తర్వాత కొత్త వీరులు పుట్టుకొచ్చిన సంగతి, పిల్లలు వాటిని జేబుల్లో కుక్కుకుని తిరిగిన సంగతి, అన్నీ చెప్పింది. తర్వాత నీలం సంపుటం పైకెత్తి, "తొలినాటి కామిక్కులు ఇప్పుడు దొరక్కపోవడానికి కారణాలు మూడు: యుద్ధం, అమ్మలు, మా తాతయ్య" అంది. హాలు గొల్లుమంది.

చివర్లో ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "ఇంతకీ ఆ ముసుగు వెనక ఉన్న విలన్ ఎవరు?"

అన్విత సమాధానం వెతుక్కుంటుంటే వాల్టర్ లేచి నిలబడి, గంభీరంగా నావైపు వేలు చూపించాడు.

"అదిగో, మైసూరుపాకు డబ్బాతో కూర్చున్నాడే, ఆయన!"

కాబట్టి సమస్త పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పుస్తకాన్నీ, అది టెలిఫోన్ డైరెక్టరీ అయినా సరే, చివరి పేజీ దాకా చదవకుండా బైండు చెయ్యను.