చేతులు లేపుండ్రి

కోరుట్లలోని ఆ ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకే ఫోను లైను మీద ఆరు కంప్యూటర్లు నడిచేవి. ఎవరికైనా కంప్యూటర్‌లో గల్ఫ్ నుంచి మాట కలిస్తే, సెంటర్ నడిపే ఆవిడ, మేమంతా ఆపా అని పిలిచే అక్క, గాజుల చెయ్యి పైకెత్తి "చేతులు లేపుండ్రి!" అనేది. లైనంతా ఆ మాటకే దక్కేలా మిగిలిన ఐదుగురం పనులు ఆపి, మౌసులు వదిలి, చేతులెత్తేవాళ్లం. కుతూహలంతో గడియారం పెట్టి చూశాను: చేతులెత్తకముందు జవాబు రావడానికి ఆరు సెకన్లు, ఎత్తాక రెండు.

నక్సలైట్ల బంద్ మరునాడు ఒక ఇల్లాలు వచ్చింది. దుబాయిలోని భర్త నుంచి రెండు నెలలుగా కబురు లేదు. ఆ రోజు లైను కలవగానే ఆపా చెయ్యి లేచింది.

"పోలీసోళ్లు గూడ గిట్లనే అంటరు ఆపా," అన్నాడొకడు.

"వాళ్లకైతే జల్ది లేపుతవు గద, నాకు గూడ లేపు!"

నేనూ ఎత్తాను; కాని పదింట తొమ్మిది వంతులు డౌన్‌లోడ్ అయిన నా ఫైలును ఆపలేదు.

"ఉన్నవా?" అని ఆమె అడిగింది. పదకొండు సెకన్లు గడిచినా జవాబు లేదు. కళ్లు తుడుచుకుని లేవబోయింది.

"కూసో బిడ్డా, మాట తొవ్వల ఉన్నది," అంటూ ఆపా నా వైపు చూసింది. ఎత్తిన చెయ్యి దించలేదు.

ఫైలు ఆపేశాను.

"ఉన్ననే," అన్నాడు స్పీకరులోంచి ఆమె భర్త.

ఆ ఫైలు ఏమిటో నా డైరీలో లేదు. దాన్ని ఆపాక ఆ జవాబుకు పట్టిన రెండు సెకన్లు ఉన్నాయి.