వాసన రాని వైపు

జాక్లిన్ చేపలు మానేసిందని చెబితే వాళ్ళ పల్లెలో ఒక్కరు కూడా నమ్మరు. సూర్యలంక పక్కన, సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టిన పిల్ల. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని బాపట్ల వీధులన్నీ తిరిగి చదివించిన పిల్ల. అలాంటిది పెర్త్‌కి పైచదువుకొచ్చి, కానింగ్ వేల్‌లో ఒకరి పెరట్లో ఉన్న క్యారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అద్దెకు తీసుకుని, బ్రెడ్డూ గుడ్లూ తిని రోజులు నెట్టుకొస్తోందంటే ఎవరు నమ్ముతారు? నోటికి సహించక మానేసిందా అంటే అదీ కాదు. రోషం కొద్దీ మానేసింది.

ఆ రోషం పుట్టింది యూనిలో, అదే, యూనివర్సిటీలో. సప్లై చైన్ కోర్సులో గ్రూప్ ప్రాజెక్టు ఒకటి ఉంటే అందరూ లైబ్రరీ గదిలో కూర్చున్నారు. జాక్లిన్ తలుపు తీసుకుని లోపలికి రాగానే జశ్వంత్ అనే హైదరాబాద్ కుర్రాడు, “అరే, విండో తియ్యండ్రా బాబూ! జాక్లిన్ వచ్చిందంటే బీచ్ వచ్చినట్టే!” అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా మహానుభావుడు? మిగతావాళ్ళకు అర్థం కాలేదేమోనని ఇంగ్లీషులో విడమరిచి మరీ చెప్పాడు. అందరూ నవ్వారు. పక్కనున్న అమ్మాయి మాత్రం నవ్వకుండా కుర్చీ కొంచెం అటు జరుపుకుంది. జాక్లిన్‌కి ఆ కుర్చీ జరగడమే ఎక్కువ గుచ్చుకుంది.

తప్పు ఆమెదీ కాదు, చేపదీ కాదు. క్యారవాన్ అంటే ఎంత? చెయ్యి చాపితే పొయ్యి, ఇంకో చెయ్యి చాపితే మంచం, మధ్యలో బట్టల అర. అందులో చేప వేపితే చేపతో పాటు కోటూ దుప్పటీ కూడా వేగుతాయి. బాపట్ల కాలేజీలోనూ ఈ మాట పడింది. అప్పుడు రెండుసార్లు సబ్బు రుద్దుకుని, పౌడరు దట్టించి వెళ్ళేది. సముద్రాలు దాటి వచ్చినా మళ్ళీ అదే మాట! ఆ రాత్రే ఫ్రిజ్‌లో ఉన్నదంతా తీసి పారేసింది. పారేశాక ఏడ్చింది.

ఎన్నాళ్ళు ఉండగలదు? ఒకరోజు సూపర్ మార్కెట్‌లో మంచు మీద పరిచిన చేపల ముందు కాళ్ళు ఆగిపోయాయి. బారముండి అని చీటీ పెట్టారు. ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకునే చేప. జాక్లిన్ వంగి చూసింది. ఆ నోరు, ఆ వంపు తిరిగిన నుదురు, ఆ వెండి పొలుసు! “ఓసి నీ దుంప తెగ! పండుగప్పవే నువ్వు!” అని పైకే అనేసింది. అమ్మ గంపలో ఈ చేప పడ్డ రోజు ఇంట్లో పండగే. పేరు మార్చుకుని ఇక్కడ ఇంత మర్యాదగా పడుకుని ఉందన్నమాట. దీన్ని అందరూ తినొచ్చు, తను తింటే మాత్రం కిటికీలు తియ్యాలా? చేపను వదిలేది లేదు, ఇంకొకరి చేత మాట పడేదీ లేదు అని అక్కడే గట్టిగా అనుకుంది.

అంటే పొయ్యి బయటికి రావాలి. ముందు చిన్న డబ్బా గ్యాసుతో మండే పొయ్యి ఒకటి కొని పెరట్లో పెట్టింది. పెర్త్‌లో మధ్యాహ్నం దాటిందంటే సముద్రం మీంచి గాలి ఊపిరాడనివ్వదు. వెలిగించడం, ఆరిపోవడం. అట్ట అడ్డం పెడితే అట్ట ఎగిరిపోయింది. చివరికి సగం పచ్చి ముక్కల్ని మూటగట్టి చెత్తలో వేసింది.

ఇంటి యజమాని ఎలియాజర్ అంకుల్ వంటింటి మెట్ల మీద కూర్చుని ఇదంతా చూశాడు. రేపల్లె మనిషి, ఇక్కడ బస్సు నడుపుతాడు. చర్చివాళ్ళతో క్యాంపులకు పోదామని ముచ్చటపడి క్యారవాన్ కొన్నాడు, ముచ్చట తీరాక పెరట్లో నిలబెట్టాడు. షెడ్డులో మూతతో ఉన్న పెద్ద బార్బీ కూడా ఒకటి ఉంది, ఆరుబయట మాంసం కాల్చుకునే గ్యాసు పొయ్యికి ఇక్కడివాళ్ళ ముద్దుపేరు. ఇదో వింత చూడండి. మన మగవాళ్ళు వంటింట్లో నీళ్ళ గ్లాసు కూడా తీసుకోరు గానీ, ఈ దేశంలో బార్బీ కొనగానే చేతిలోకి పట్టకారు వచ్చేస్తుంది, పెద్ద వంటవాళ్ళయిపోతారు. అంకుల్ బార్బీ సిలిండర్‌కి తేదీ దాటిపోవడంతో ఆ వైభోగం ముగిసింది.

“అంకుల్, క్యారవాన్‌కి ముందువైపు మంచి సిలిండర్ ఉందిగా. దాని పైపులోంచి బయటికి ఒక కనెక్షన్ తీయిస్తే మీ బార్బీ దానికే పెట్టుకోవచ్చు. ఖర్చు నాదే,” అంది జాక్లిన్.

అంకుల్ ముఖం వెలిగింది. ఆయన నోరు విప్పేలోపే లోపల్నించి సువార్తమ్మ ఆంటీ వచ్చింది. ఆమెది నిజాంపట్నం. ముసలివాళ్ళ హోములో పనిచేస్తుంది. మాట తక్కువ, అన్నది మాత్రం జరగాల్సిందే.

“దేనికమ్మా కనెక్షన్?”

“చేపలు వేపుకోడానికి ఆంటీ.”

ఆంటీ ముఖంలో ఏదో కదిలింది. వెంటనే సర్దుకుంది. “చేపలా? వద్దమ్మాయ్. మా ఎవాకి పడదు. ఆ వాసన ఇంట్లోకొస్తే ఆ పిల్ల కంచం ముందు కూర్చోదు. మా ఇంట్లో మేమే వండం.”

ఎవా వాళ్ళ కూతురు, ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో చదువుతోంది.

“ఇంట్లోకి రాకపోతే ఆంటీ?”

“రాకపోతే నీ ఇష్టం. వచ్చిన రోజున మాత్రం తీసెయ్యాల్సిందే. మళ్ళీ నన్ను అడగొద్దు.”

అంత మాటన్నాక ఇంకొకరైతే నీరుగారిపోయేవాళ్ళు. జాక్లిన్ మాత్రం గాలిని చదవడం మొదలుపెట్టింది. పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసేది. పొద్దున్నపూట గాలి వెనక కంచె మీంచి ఇంటివైపు వస్తోంది. మధ్యాహ్నం తిరిగి, ఇంటివైపు నుంచి కంచె మీదుగా పోతోంది. కంచెకు అవతల వాననీటి కాలువ, ఖాళీ జాగా, మనుషులు లేరు. కనెక్షన్ క్యారవాన్‌కి కంచెవైపు పెట్టాలి, గాలి తిరిగాకే వెలిగించాలి. పరీక్షలకైనా ఇంత శ్రద్ధగా కూర్చుని ఉండదు.

ఇక పని. “లైసెన్సున్నోడు ఎందుకమ్మా? మనూళ్ళో సిలిండర్ మార్చడం పసిపిల్లకి కూడా వచ్చు,” అని అంకుల్ పానా తెచ్చాడు. జాక్లిన్‌కీ అదే ధీమా. సిలిండర్ విప్పి పైపు ఎటు పోతోందో చూద్దామని ఇద్దరూ నట్టుకు పానా వేశారు. సీసా మూత తిప్పినట్టు తిప్పారు. కదల్లేదు. ఇంకా బలంగా తిప్పారు. అంకుల్‌కి నడుం పట్టేసింది, జాక్లిన్ అరచేయి కందిపోయింది. “తుప్పు పట్టిందమ్మా,” అని తీర్పు చెప్పాడాయన. ఆ రాత్రి ఫోనులో వెతికితే తెలిసింది, క్యారవాన్ గ్యాసు పైపు మీద చెయ్యి వెయ్యాలంటే లైసెన్సున్న మనిషే కావాలట. జాక్లిన్ మొండిదే గానీ మూర్ఖురాలు కాదు. గ్యాసుతో ఆటలేమిటని పానా తిరిగి ఇచ్చేసింది.

తెలిసినవాళ్ళను అడిగితే యోగానంద్ దొరికాడు. వరంగల్ నుంచి చదువుకొచ్చి, చదివింది వదిలేసి ప్లంబింగూ గ్యాసూ నేర్చుకుని స్థిరపడ్డాడు. వచ్చీ రాగానే నట్టు చూసి పకపకా నవ్వాడు.

“ఎవరు బిగించిన్రు దీన్ని? ఏనుగుతోని తిప్పిచ్చిన్రా ఏంది?”

“తుప్పు కదా అన్నా?”

“తుప్పు లేదు, గిప్పు లేదు. గ్యాస్ మరలు ఉల్టా ఉంటయ్ చెల్లె. మీరు విప్పుతున్నం అనుకొని ఇంకింత బిగిస్తున్నరు.”

ఎలియాజర్ అంకుల్ బస్సు టైమయిందని మెల్లగా జారుకున్నాడు.

కనెక్షన్ కంచెవైపు పెట్టమంటే యోగానంద్ తల గోక్కున్నాడు. “అందరు డోర్ దిక్కు పెట్టిచ్చుకుంటరు. నువ్వేంది, దొంగసారా కాసినట్టు ఎనక దిక్కు?”

“చేపలు వేపాలన్నా. వాసన ఇంట్లోకి రాకూడదు.”

అతను ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. కిటికీకి దూరంగా చోటు చూసి, కింది పైపులోంచి రాగి గొట్టం ఒకటి పాయగా తీసి, బయటికి ఇత్తడి మూతి బిగించాడు. బార్బీ గొట్టం చివరను అందులో నొక్కి తిప్పితే టక్కున పట్టుకుంటుంది, తీస్తే గ్యాసు దానంతటదే ఆగిపోతుంది. కీలుకీలుకీ సబ్బునురుగు పూసి బుడగ రాలేదని చూపించాడు. సర్టిఫికెట్ రాసిచ్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు యూని నుంచి వస్తూ పండుగప్ప తెచ్చింది. పసుపూ కారం ఉప్పూ పట్టించి, గాలి తిరిగే దాకా ఆగి, బార్బీ వెలిగించింది. మంట వచ్చింది. ఏం మంట! దేవుడి ముందు పెట్టిన కొవ్వొత్తి అంత. పెనం వేడెక్కలేదు. చేప వేగలేదు సరికదా, తన నీళ్ళలో తనే ఉడికి ముద్దయిపోయింది.

“గ్యాసు అయిపోయిందేమో,” అన్నాడు అంకుల్.

సిలిండర్ ఊపి చూసింది, బరువుగానే ఉంది. క్యారవాన్ లోపలి పొయ్యి వెలిగించింది, భేషుగ్గా మండింది. మరి గ్యాసు ఉంది, పైపు బాగుంది, ఇంతలో ఎక్కడ ఆగుతోంది? సరుకు ఎక్కడ ఇరుక్కుందో వెతకడమే కదా ఆమె చదివే చదువు! సిలిండర్ దగ్గర మొదలుపెట్టి పైపు వెంట వేలు పెట్టుకుంటూ వచ్చింది. సిలిండర్ మెడ దగ్గర గుండ్రటి రెగ్యులేటర్. బాగుంది. బార్బీ గొట్టం మధ్యలో మళ్ళీ అలాంటిదే ఇంకోటి!

“అంకుల్, ఒక ఒరలో రెండు కత్తులు పెట్టాం. అదొకసారి తగ్గించి పంపుతుంటే ఇదింకోసారి తగ్గిస్తోంది.” యోగానంద్‌కి ఫోన్ చేసింది. వదిలించుకోడానికి చూస్తాడేమో, రెండు తగిలించి అయినా రప్పించాలి అనుకుంది. ఆ అవసరం రాలేదు.

“అరెరె! కనెక్షన్ చూసిన గని పొయ్యి చూడనేలేదు. తప్పు నాదే చెల్లె. ఏం ముట్టకు, నేనొస్త,” అన్నాడు. రెగ్యులేటర్ లేని కొత్త గొట్టం తెచ్చి, బార్బీకి సరిచూసి బిగించాడు. ఈసారి నీలిమంట బుస్సుమంది.

శనివారం వచ్చింది. ఇండియన్ షాపులో ఎండు నెత్తళ్ళు కనబడితే తెచ్చింది జాక్లిన్. పండుగప్ప అయితే ఎవరూ ఏమీ అనకపోవచ్చు. ఎండు నెత్తళ్ళ వాసన ఆగితేనే ఆగినట్టు. తెగించాలంటే పూర్తిగానే తెగించాలి. తీగ మీది బట్టలు కంచెవైపు తిరిగే దాకా కాచుకుని, గొట్టం టక్కుమనిపించి, పెనం మీద నెత్తళ్ళు పోసింది. చిటపటలాడాయి. పొగ లేచి తిన్నగా కంచె దాటి కాలువ మీదికి పోయింది. ప్రాణం లేచొచ్చింది.

అయినా కళ్ళు మాత్రం వంటింటి కిటికీ మీదే. క్యారవాన్ మూల నుంచి తొంగి చూస్తే కిటికీ రెక్క బార్లా తీసి ఉంది. వెనక సువార్తమ్మ ఆంటీ నిలబడి ఉంది. కదలడం లేదు. వాసన పట్టడానికే నిలబడింది, ఇంకేముంది అనుకుంది జాక్లిన్. పొగవైపు చూసింది, మళ్ళీ కిటికీవైపు చూసింది. అంతలో వంటింటి తలుపు దడాలున తెరుచుకుంది. ఆంటీ చెప్పులు కూడా వేసుకోకుండా గడ్డి మీద గబగబా వస్తోంది.

జాక్లిన్ మంట ఆపేసింది.  “ఆంటీ... వచ్చిందా వాసన?”

“రాలేదు,” అంది సువార్తమ్మ.

“మరి?”

“అదేనే చెప్పేది, రాలేదని! ఇందాకట్నించీ కిటికీ తీసుకుని నిలబడ్డాను. రవ్వంతన్నా వస్తదేమోనని చూశాను. ఇంత గట్టిగా ఆపితే ఎట్టానే పిల్లా!” అంటూనే ఆమె చెయ్యి కాలుతున్నా చూసుకోకుండా పెనం మీంచి రెండు నెత్తళ్ళు తీసి నోట్లో వేసుకుంది. నములుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

“ఎవా చిన్నప్పుడు, చేపలు వేపి ఆ బట్టలతోనే దాన్ని బడి నుంచి తీసుకురాడానికెళ్ళాను. అందరి ముందూ ముక్కు మూసుకుని, మమ్, యూ స్టింక్ అంది. పసిది, దానికేం తెలుసు? అప్పట్నించీ చేపను ఇంట్లోకి రానివ్వలేదు. దానికి పడదని అందరికీ చెప్పుకున్నాను గానీ, దానికి కాదే, నాకే సిగ్గేసింది.”

జాక్లిన్ యూనిలో కుర్చీ జరుపుకున్న అమ్మాయి సంగతి చెప్పింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సువార్తమ్మ వింటూ ఇంకో నాలుగు నెత్తళ్ళు తిన్నది.

అమ్మను వెతుక్కుంటూ ఎవా వచ్చింది. పెనం చూసి ముఖం చిట్లించింది. “మమ్! వాట్స్ దట్ స్మెల్?”

“నా వాసన,” అంది సువార్తమ్మ. “మీ అమ్మ పుట్టిన ఊరి వాసన. ఇట్టా రా, వచ్చి కూర్చో.”

ఎవా కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత వచ్చి, కొంచెం దూరంగానే అయినా, కూర్చుంది.

సువార్తమ్మ తీగ మీది బట్టలకేసి చూసింది. “జాక్లిన్, రేపు పొద్దున వేపు. పొద్దున గాలి ఇంటివైపొస్తది.”

“రేపు ఆదివారం కదా ఆంటీ, చర్చికి వెళ్ళాలి. బట్టలకు వాసన పట్టేస్తుంది.”

“పట్టనీ,” అంది సువార్తమ్మ.