రొయ్యలు తినే చప్పుడు

రొయ్య తినేటప్పుడు చప్పుడు చేస్తుందని నాకు యాభై ఏళ్లు దాటేదాకా తెలియదు. పదహారేళ్లుగా రొయ్యల గుంట గట్టు మీద బతుకుతున్నదాన్ని, అయినా తెలియదు. ఆ సంగతి చెప్పింది నెల్లూరు నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన ఒక ఆడపిల్ల.

నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, మేత సంచి మీద నంబరు పోల్చుకోవడం వచ్చు, అంతే. నా గొంతు రంపం పెట్టి కోసినట్టు ఉంటుంది. పుట్టుకతో వచ్చింది కాదు. ఏళ్ల తరబడి నీటికాకులను, కొంగలను అరిచి తోలినందుకు వచ్చింది.

మా గుంట విడవలూరు నుంచి సముద్రం వైపు పోతే వస్తుంది. మా గుంట అంటున్నాను గానీ నేల నాది కాదు. నెల్లూరులో ఉండే ఆసామిది. గుంట ఆయనది, మేత ఆయనది, రెక్కలు మావి, పంటలో వాటా. మా ఆయన ఉన్నన్నాళ్లూ అలా నడిచింది. ఆయన పోయాక, ఆడమనిషి గుంట చేయడం ఏమిటని చాలామంది అన్నారు. ఆసామి మాత్రం ఒక పంట చూద్దామన్నాడు. చూశాడు. ఆ తర్వాత ఆరేళ్లు ఉంటావా అని ఆయన అడగలేదు, ఉంటానని నేను చెప్పలేదు, పంట తర్వాత పంట తీస్తూనే ఉన్నాను.

ఒక పొద్దున ఆసామి కారులో వచ్చాడు. వెనకాల చిన్న లారీలో ఒక యంత్రం, దానితో పాటు ఆ ఆడపిల్ల.

"ఇంక నువ్వు తెప్ప మీద తిరిగి మేత చల్లబళ్లా" అన్నాడు ఆసామి. "ఇదే చల్లుతాది. రొయ్యలకి ఆకలేస్తే యేస్తాది, కడుపు నిండితే ఆపేస్తాది. అంతా నా ఫోన్లో కనిపిస్తా ఉంటాది."

"దానికెట్ట తెలస్తాదన్నా ఆకలి?"

"శ్రీహరికోటలో రాకెట్లు పోతా ఉంటే మనమింకా ట్రేలు ఎత్తుకుంటా కూర్చుంటే ఎట్టమ్మా? ఈ పంట చూస్తా. బాగుంటే వొచ్చే పంట నుంచి నేనే ఫోన్లో చూసుకుంటా. ఒక కాపలా మనిషి చాలు."

మామూలుగానే అన్నాడు. వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా. ఈ పంట బాగా వస్తే నేను పోవాలి. బాగా రాకపోతే, బాగా తీయలేదని పోవాలి.

ఆ పిల్ల మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగింది. గుంట మధ్యలో సరుగుడు కర్ర పాతించి, దానికి యంత్రాన్ని కట్టించింది. పైన మేత పోసే పెద్ద డబ్బా, దాని కింద గిర్రున తిరిగే పళ్లెం, పక్కన ఎండతో కరెంటు చేసే పలక. అదే కర్రకు తాడు కట్టి నిమ్మకాయంత నల్ల ముద్దను నీళ్లలోకి వదిలింది.

"అదేంది పాపా?"

"మైకు ఆంటీ. రొయ్యలు నమిలే చప్పుడు వింటది."

"ఆంటీ అనబాక, నాకు ఒళ్లు మండతాది. అత్తా అను."

"సరే అత్తా. ఇదిగో, నువ్వే విను."

తన చెవిలోని వైరు తీసి నా చెవిలో పెట్టింది. ఎండిన సరుగుడు ఆకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చిటచిటా, చిటచిటా. లక్షల నోళ్లు. నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. నా చేతి మేత తిని పెరిగినవి ఇంతకాలం నాతో ఏదో అంటూనే ఉన్నాయి, నాకే వినపడలేదు.

మొదటి నెలన్నర యంత్రం చక్కగా పనిచేసింది. లేనిపోనివి చెప్పను. నేను రోజుకు నాలుగుసార్లు తెప్ప మీద తిరిగి చల్లేదాన్ని. అది గుప్పెడు గుప్పెడు, పగలంతా వేస్తుంది. మేత వృథా కాలేదు, నీళ్ల వాసన మారలేదు. నా కుడి భుజం నొప్పి కూడా తగ్గింది. అయినా ట్రేలు ఎత్తడం మానలేదు. చెక్ ట్రే అంటే అంచులున్న పళ్లెం లాంటి వల. చిటికెడు మేత వేసి గుంట అడుగుకు దించుతాం, గంటన్నర తర్వాత ఎత్తి చూస్తాం. మేత మిగిలిందా, రొయ్య వీపున పేగు గీత నల్లగా నిండుగా ఉందా, తెగిపోయి ఉందా, అవన్నీ అందులో తెలుస్తాయి. మా ఆయన నేర్పిన పని.

పక్క గుంట చేసే అబ్బాయి వరసకు మరిది అవుతాడు. ట్రే ఎత్తుతుంటే చూసి ఎకసెక్కం మొదలుపెట్టేవాడు.

"వదినా, నీ ఉజ్జోగం ఆ డబ్బా పట్టుకపోయింది గదా, ఇంకా ఎవురి కోసం ఎత్తతా ఉండావు?"

"నీ గుంట నీళ్లు చూసుకో అబ్బయా, పాచి పట్టి పచ్చడైపోయినాయి."

"నాకు డబ్బా లేకపాయె, అందుకే పాచి."

పంటకు యాభై రోజులు దాటాయి. రొయ్యలు వేలెడయ్యాయి. వాటిని మింగడానికి నీటికాకులు దిగడం మొదలుపెట్టాయి. ఎప్పుడూ అయితే గట్టు చుట్టూ తిరుగుతూ కేకలు వేసేదాన్ని. ఈసారి కేక వేయబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆస్పత్రిలో గొంతు లోపలికి లైటు వేసి చూసి, అరిస్తే ఉన్నది కూడా పోతుందన్నారు. అందుకని ఖాళీ పెయింటు డబ్బాలు ఏడెనిమిది సంపాదించి, లోపల గులకరాళ్లు వేసి, నైలాను తాడుకు వరసగా కట్టాను. తాడు ఒక కొస గట్టు మీది గుంజకు బిగించాను. రెండో కొసకు గుంట మధ్యలో గట్టి కర్ర కావాలి. యంత్రం కర్ర ఉండనే ఉంది. తెప్ప మీద పోయి దానికే కట్టి వచ్చాను. గాలి వీస్తే డబ్బాలు వాటంతట అవే మోగుతాయి. కాకులు ఆమడ దూరం పోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం ట్రే ఎత్తితే మేత మిగిలి ఉంది. మూడో రోజు ఇంకా ఎక్కువ మిగిలింది. యంత్రం మాత్రం పళ్లెం తిప్పి తిప్పి విసురుతూనే ఉంది. అంతలో ఆసామి ఫోను చేశాడు.

"ఏమ్మా, రొయ్యలు బ్రహ్మాండంగా తింటా ఉండాయంట గదా. ఇంత తిండి ఎప్పుడూ తినలేదని చూపిస్తా ఉంది."

"తినలేదన్నా. ట్రేలో మేత అట్టే ఉండాది. అడుగుకి పోయి కుళ్లతాది. ఆపమను దాన్ని."

"నీకు అదంటే గిట్టదు, నాకు తెలుసు."

"గిట్టకపోతే నెలన్నర ఎందుకు ఊరుకున్నా? ఆపమను."

"రేపు ఆ పిల్లని పంపిస్తా. అందాకా దాన్ని తాకబాక."

నాలుగో రోజు పొద్దున రొయ్యలు నాలుగైదు గట్టు అంచుకు వచ్చి నిలబడ్డాయి. నీళ్లలో గాలి తగ్గితే అలా వస్తాయి. అడుగున కాలు పెట్టి తడిమితే మట్టి జారుగా తగిలింది, తీసి చూస్తే నలుపు. నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు నాలుగూ వేశాను. పక్క గుంట మరిది గట్టు మీదికి వచ్చి, ఈసారి నవ్వకుండా మెల్లగా అన్నాడు.

"వదినా, ఒక మాట చెప్తా, ఏమనుకోబాక. ఊరుకో. ఇంకో రెండ్రోజులు ఊరుకుంటే ఆ డబ్బా పరువు పోతాది. ఆయనే పీకించేస్తాడు. గుంట నీదే అవతాది."

"గుంటలో రొయ్యలో?"

"పోతే ఒక పంట పోతాది. గుంట ఉంటాది గదా."

నాకు ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. కాసేపు ఉండి మరీ పోయింది.

పది గంటలకు ఆ పిల్ల వచ్చింది. మైకు పైకి తీసి తుడిచింది, మార్చి కొత్తది వేసింది, ఫోను చూసింది. అంతా సరిగానే ఉంది. ఆ పూట యంత్రం కూడా బుద్ధిగా, కొంచెం కొంచెంగానే వేసింది. ట్రే ఎత్తితే ఖాళీ.

"చూసినావా అత్తా, తింటా ఉండాయి."

"పొద్దున ఎప్పుడూ బాగానే తింటాయి. ఉండు, కడుపుకింత తిను. పన్నెండు దాటనీ."

తెచ్చిన చేపల పులుసూ అన్నం ఇద్దరం తిన్నాం. ఒంటిగంటకు సముద్రం గాలి తిరిగింది. గాలితో పాటే యంత్రం పళ్లెం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. పిల్ల ముఖం మారిపోయింది. వైరు చెవుల్లో పెట్టుకుని విన్నది, మళ్లీ విన్నది.

"గట్టిగానే వినిపిస్తా ఉంది అత్తా, తినే చప్పుడే. నాకేమీ తెలవడంలా." వైరు చెవుల్లోంచి పీకేసింది. "ఇది నా మొదటి గుంట. కంపెనీకి ఫోన్ చేసి తీసేయమని చెప్తా. నా వల్ల కాలేదని చెప్తా."

"ఇట్టియ్యి" అని ఆ వైరు నా చెవిలో పెట్టుకున్నాను.

సరుగుడు ఆకుల మీద నడక ఉంది. దాని మీద ఇంకోటి ఉంది. టకటక, ఆగి, టకటకటక. గాలి పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. తలెత్తి చూశాను. నా డబ్బాలు. తాడు ఊగుతుంటే కర్ర అదురుతోంది, కర్ర అదిరితే దానికి వేలాడుతున్న మైకు వింటోంది. నేను మోగించిన మోతకే యంత్రం మూడు రోజులుగా మేత పెడుతోంది.

ఆ పిల్ల నాకు వీపు తిప్పి ఫోన్లో నంబరు వెతుకుతోంది. నేను నోరు విప్పకపోతే యంత్రం ఈ సాయంత్రమే లారీ ఎక్కుతుంది. తెప్ప దగ్గరికి పోతూ దారిలో ట్రే ఎత్తాను. ఒక రొయ్యను పట్టి నొక్కితే ఒళ్లు మెత్తగా ఉంది. గట్టిగా, టిక్కుమని విదిలించుకోవాల్సిన రొయ్య నా వేళ్ల మధ్య ఊరికే పడుకుంది. దాన్ని నీళ్లలో వదిలేసి తెప్ప తోసుకుంటూ మధ్యకు పోయి, కొడవలితో తాడు కోసేశాను. డబ్బాలు నీళ్లలో పడ్డాయి. కాసేపటికి పళ్లెం తిరగడం ఆగింది.

నేను గట్టుకు చేరేసరికి పిల్ల పరుగెత్తుకొచ్చింది. "ఏం చేసినావు అత్తా? ఆగిపోయింది!"

"డబ్బాలు కట్టింది నేను. నీ యంత్రం తప్పు కాదు, నీ తప్పూ కాదు. ఫోన్ లోపల పెట్టు."

ఆ పిల్ల నన్ను కౌగిలించుకుంది. నా ఒంటి నిండా పాచి, బురద. అయినా కౌగిలించుకుంది.

ఆసామికి నేనే ఫోను చేసి చెప్పాను. రెండు రోజులు మేత ఆపించాను, నీళ్లు మార్చాను, ఏరియేటర్లు ఆపలేదు. కొన్ని పోయాయి. ఎక్కువ భాగం నిలబడ్డాయి. నెల తర్వాత రొయ్యల పట్టుబడి రోజు, ఐసు వ్యాను గట్టు మీద ఉండగా ఆసామి నా పక్కన నిలబడి వలలో ఎగురుతున్న రొయ్యలను చూశాడు.

"అయితే యంత్రం నిజమే చెప్పిందన్న మాట" అన్నాడు నవ్వుతూ.

"అది విన్నది చెప్పింది అన్నా. విన్నదేందో నేను చెప్పినా. మూడు రోజులు నీ ఫోను నవ్వతా ఉంటే ఇక్కడ గుంట చస్తా ఉండింది. నేను ట్రే ఎత్తకపోయుంటే నువ్వీ పొద్దు ఇక్కడికి వచ్చే పనే లేదు."

"డబ్బాలు కట్టింది నువ్వే గదా?"

"నేనే. రేపు నువ్వు పెట్టే కాపలా మనిషి ఇంకోటి కడతాడు. వాడు కట్టింది వాడికి తెలవదు. నాది నాకు తెలిసింది."

ఆసామి వ్యాపారస్తుడు, మాటను బరువు చూసుకునే మనిషి.

"ఇప్పుడేంది గావాల నీకు?"

"యంత్రం ఉండనీ. నాకూ బాగుండాది. రెండేళ్లు గుంట నేను చేస్తానని కాయితం రాసియ్యి."

"ఇన్నేళ్లూ మాట మీద జరగలా?"

"మాట మీద జరిగింది కాబట్టే గదా, ఒక డబ్బా వచ్చి నన్ను లేపబోయింది."

వలలో రొయ్యలు తోడుతున్నవాళ్లు కూడా నవ్వారు. "ఏడాదికి రాస్తా" అన్నాడు.

"రెండు."

"నీ గొంతు పోయిందన్నారే, ఎవరు చెప్పింది?" అన్నాడు. వారం తిరక్కుండా కాయితం పంపాడు. మా చెల్లెలి కూతురు రెండుసార్లు చదివి వినిపించింది. రెండేళ్లు అనే ఉంది. సంతకం పెట్టాను.

ఇప్పుడు గుంట ఎండబెట్టాం. నెర్రెలు విచ్చింది. యంత్రం కర్ర చుట్టూ మాత్రం బండి చక్రమంత మేర నేల ఇంకా నల్లగా, తడిగా ఉంది. ఆ మూడు రోజుల మేత అక్కడే కుళ్లింది. పైపైన మట్టి కప్పితే చాలునని పక్క గుంట మరిది అన్నాడు. చాలదు. జానెడు లోతు గీకించి, తట్టలకెత్తి బయట పోయించాలి. రేపు ఇద్దరు కూలీలను పిలిచాను, మూడోదాన్ని నేనే.