చివరి అంకె చెరిపినా

నా చిన్నప్పుడు, అమెరికాలో షామ్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లో, పెద్దవాళ్ళ మాట ఒక్కటీ నమ్మేదాన్ని కాదు. అందుకు కారణం ఉంది. వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్ళిన మా అమ్మ అక్కడే చిక్కుకుపోయింది. ఎప్పుడొస్తుందని అడిగితే నాన్న "నెక్స్ట్ వీక్" అనేవారు. ఆ వారం గడిచిపోయేది, అమ్మ వచ్చేది కాదు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వచ్చే ఆంటీలందరిదీ అదే పాట. ఎవరైనా నా ప్లేట్లో ఇంకో గారె వేస్తే చాలు, ఏదో దాస్తున్నారని అనుమానం. అమ్మ ఇక రాదేమో, ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసేమో అని లోపల భయం.

స్కూల్ అయ్యాక నాన్న వచ్చేదాకా పక్కింటి ఆంటీ దగ్గర ఉండేదాన్ని. ఒకరోజు ఆవిడ ఇంటి ముందు కారు నిలిపే డ్రైవ్‌వే మీద చాక్‌పీసుతో 73939133 అని రాసింది. ఇది ప్రైమ్ నంబరట. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుందట. అంతటితో ఆగలేదు. కుడివైపు చివరి అంకె చెరిపేస్తే మిగిలిందీ ప్రైమేనట. ఇంకోటి చెరిపినా అంతేనట, ఏడు ఒక్కటే మిగిలేదాకా.

నా చెవిలో పువ్వు పెడుతోందనుకున్నాను. అమ్మ గురించి అడగకుండా ఏమార్చడానికే ఈ ఎత్తు. నా దగ్గరా ఈ పప్పులు ఉడికేది! చెప్పుతో అంకెలు రుద్దేసి 739 మిగిల్చాను. ఇరవై మూడు దాకా ఉన్న ప్రైములతో భాగిస్తే చాలంది ఆవిడ. అంతకంటే పెద్దది ఏదైనా సరిగ్గా భాగిస్తే, దానికి జతగా చిన్నదొకటి ముందే దొరికేదట. ఆ మాటా నమ్మక ఇంకా పైదాకా వెళ్ళాను. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ బిగ్ నంబర్ మీరు చెక్ చేశారా, ఆంటీ?" అని నిలదీశాను.

"లేదమ్మా. నేను నాలుగంకెల దాకే చేశాను. మిగతాది చదివి తెలుసుకున్నా."

పెద్దవాళ్ళ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. అందుకే అసలు ప్రశ్న అడిగేశాను.

"అమ్మ ఎప్పుడు వస్తుంది?"

ఆవిడ చాక్‌పీసు కింద పెట్టింది. "నాకు తెలీదు తల్లీ. మీ నాన్నకీ తెలీదు. పాస్‌పోర్ట్ ఇంకా కాన్సులేట్‌లోనే ఉంది. నీ దగ్గరికి రావాలని మీ అమ్మ ఫోన్లో ఏడుస్తోంది. నాకు తెలిసింది అంతే."

నేనూ ఏడ్చేశాను. తర్వాత, అన్నాళ్ళూ ముట్టని ఆవిడ పెరుగన్నం గిన్నె ఖాళీ చేశాను.

ఆకులు రాలే రోజుల్లో అమ్మ వచ్చింది. ఆ ముందు వారం నాన్న "నెక్స్ట్ వీక్" అంటే ఎప్పటిలాగే నమ్మలేదు. అదొక్కటే నిజమైంది.

మొన్న నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా కూతురు నా కళ్ళలోకి అనుమానంగా చూస్తూ, తాతయ్య ఇంటికి వస్తారా అని అడిగింది. నెక్స్ట్ వీక్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దాని పక్కన కూర్చుని, నాకు తెలీదు అని చెప్పి, డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఏడ్చింది. కానీ నన్ను నమ్మింది.