గుండుకు తొడిగిన మూడెకరాలు

మనుషులు పొలం అమ్ముకుంటారు, తాకట్టు పెడతారు, దాయాదులతో కొట్లాడి పోగొట్టుకుంటారు. మా మామగారి మూడెకరాలను నేను తుపాకిలో పెట్టి పేల్చాను. అదీ ఒక్కసారి కాదు, ఐదు విడతలుగా, చుట్టూ ఊరంతా నిలబడి చప్పట్లు కొడుతుండగా. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. కాసేపయ్యాక మా మామ ముఖం చూస్తే మీకు నవ్వు రాకపోవచ్చు.

ఎనభైల చివరి సంగతి. మాది కోదాడ. సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. జీతం తక్కువ, గర్వం ఎక్కువ. లోకంలో ఏ వస్తువు ఎందుకు కదులుతుందో, ఎందుకు ఆగుతుందో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. పెళ్లయి ఆరు నెలలైంది. మా ఆవిడ సుజాతది నిడమనూరు దగ్గర ఒక చిన్న ఊరు. మొదటి దసరాకు కొత్త అల్లుడి హోదాలో, కొత్త ప్యాంటు వేసుకుని, మిర్యాలగూడలో బస్సు మారి ఆ ఊళ్లో దిగాను.

మా మామ నర్సయ్యకు ఒక తుపాకి ఉండేది. ఒక్క తోటా మాత్రమే పట్టే పాతకాలపు రైఫిలు. ఆయన తండ్రి నిజాము కాలంలో దొర పొలాలకు కావలి కాసినప్పుడు చేతికొచ్చింది. పంట కాపాడుకోవడానికని లైసెన్సు కూడా ఉంది. ఏటా వరి పాలుపోసుకునే వేళకు గుట్టల మీంచి అడవి పందులు దిగేవి. అందుకని మామ దసరా నాడు తుపాకికి పసుపు కుంకుమ పెట్టి, మర్నాడు పొద్దున కాలువ కట్ట దగ్గర ఒక పాత కుండకు సున్నం బొట్టు పెట్టి గురి చూసుకునేవాడు. ఊరంతా చూడటానికి వచ్చేది. వాళ్లకు పండగ ఆ కుండ పగిలితేనే పూర్తయినట్టు.

ఆ తుపాకికి బజార్లో తోటాలు దొరకవు. పాత ఇత్తడి తోటాలనే మళ్లీ మళ్లీ మందుతో నింపి, పైన సీసం గుండు బిగించాలి. గుండును ఉత్తిగా పెడితే గొట్టం లోపల సీసం అంటుకుంటుంది. అందుకని దానికి కాగితం చుట్టాలి. మామ దాన్ని అంగీ తొడుగుడు అనేవాడు. కాగితాన్ని పట్టీలుగా కోసి, తడిపి, గుండు చుట్టూ సరిగ్గా రెండు చుట్లు తిప్పి, కింద మిగిలిన కొసను మెలిపెట్టి నీడలో ఆరబెట్టాలి. అంచు మీద అంచు ఎక్కకూడదు, మధ్యన సందు ఉండకూడదు.

"అంగీ బిగుతుంటె గొట్టంల పడుతది, వదులుంటె దార్లనే ఊడుతది. గొట్టం దాటినంక విడిపోవాలె. గదీ లెక్క" అన్నాడు మామ, దసరాకు ముందు రోజు అరుగు మీద కూర్చుని.

"ఇదంతా ఘర్షణ మామయ్యా. మేం పిల్లలకు చెప్పే పాఠమే. ఈసారి అంగీలు నేను తొడుగుతాను" అన్నాను.

"నీకెందుకు అల్లుడా, పండుగకొచ్చినవ్, తిని పండుకోరాదు."

"లేదు మామయ్యా, నాకు వదిలేయండి."

వదిలేశాడు. కొత్త అల్లుడు అడిగితే కాదనకూడదని ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. మరో నియమం కూడా ఉండేది. కొత్త అల్లుడికి ఇంటి గొడవలేవీ చెప్పకూడదు. అందుకే మామకు పక్క పొలం వాళ్లతో గట్టు తగాదా ఉందనీ, అది మిర్యాలగూడ కోర్టు దాకా వెళ్లిందనీ, వచ్చే సోమవారం పొలం ఖరీదు కాగితం అసలు ప్రతి చూపించాలనీ నాకు ఎవరూ చెప్పలేదు. నా తప్పులో పావు వంతు ఆ మర్యాదదని నేను ఈనాటికీ వాదిస్తాను. సుజాత ఒప్పుకోదు.

మామ దగ్గర మంచి కాగితం అయిపోయింది. నేను నా నోటుబుక్కు కాగితం తడిపి చూశాను, వేలికే అంటుకుని చిరిగింది. పరీక్ష పేపరు పెళుసు. పత్రిక కాగితం ముద్దయిపోయింది. అప్పుడు పండగ దులుపుడులో అటక మీంచి దించిన సామాను మధ్య ఒక రేకు గొట్టం కనిపించింది. మూత తీస్తే లోపల రెండు పెద్ద కాగితాలు చుట్టి ఉన్నాయి. ఒక పక్క ఉర్దూ రాత, రెండో పక్క ఖాళీ. కొసన చిన్న ముక్క తడిపి లాగాను. చిరగలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పెళ్లిచూపుల్లో సుజాతను చూసినప్పుడు కూడా అంత కాలేదు, ఈ మాట ఆమెకు చెప్పకండి.

అయినా చదువుకున్నవాణ్ణి కదా, అడక్కుండా కోయలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాను. "అత్తయ్యా, ఈ ఉర్దూ కాగితాలు దేనికైనా పనికొస్తాయా?"

అత్తయ్య గారెలు కాలుస్తోంది. నూనె చప్పుడులో వెనక్కి తిరగలేదు. "ఏమో బిడ్డా, ఎప్పటియో. మా ఇంట్ల ఎవ్వరికీ సదువరాదు."

ఎవరికీ చదవడం రాని కాగితం ఉంటే ఎంత, లేకపోతే ఎంత. నా ఫిజిక్స్ బుర్ర అలా తీర్పు చెప్పేసింది. ఒక కాగితాన్ని స్కేలు పెట్టి పన్నెండు పట్టీలుగా కోశాను. రాత ఉన్న పక్క లోపలికి, తెల్ల పక్క బయటికి వచ్చేలా చుట్టాను, అందంగా ఉంటుందని. సాయంత్రం మామ ఒక్కొక్క గుండునూ వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఏం కాయితం పట్టినవ్ అల్లుడా. బట్ట లెక్క ఉన్నది."

ఆ రాత్రి నాకు రెండు గారెలు ఎక్కువ పడ్డాయి.

దసరా పూజ అయిన మర్నాడు పొద్దున కాలువ కట్ట దగ్గర ఊరంతా చేరింది. మామ మొదటి తోటా పెట్టి కాల్చాడు. ఢామ్మని పొగ కమ్మింది, కుండ ముక్కలైంది, పొగలోంచి కాగితం తునకలు అక్షింతల్లాగా రాలాయి. చప్పట్లు. ఇంకో కుండ పెట్టారు. అదీ పగిలింది. మూడోదీ అంతే. "అల్లుని చెయ్యి మంచిది నర్సయ్యా" అని ఎవరో అన్నారు. నేను కాలరు సర్దుకున్నాను.

"నాల్గోది నువ్వు కొట్టు అల్లుడా" అన్నాడు మామ.

న్యూటన్ మూడో సూత్రాన్ని మూడేళ్లుగా పిల్లలకు చెబుతున్న నాకు ఆ సూత్రం భుజానికి తగిలితే ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలియదు. గుండు ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. నేను ఎటు పోయానో అందరూ చూశారు. కొత్త ప్యాంటుతో బురదలో కూర్చున్నాను. పరువు నిలబెట్టుకోవాలని ఐదోది కూడా నేనే కాల్చాను. మళ్లీ అదే బురద.

నన్ను లేపుతూ మామ తన భుజం మీద పడిన కాగితం ముక్కను దులపబోయి ఆగాడు. సగం కాలిన ముక్క. దాని మీద ఊదారంగు ముద్రలో సగం, దాని పక్కన ఒక వేలిముద్ర. మామ దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

"గీ కాయితం ఏడ దొరికింది అల్లుడా?"

"రేకు గొట్టంలో మామయ్యా."

"గొట్టంల రెండు ఉండె గద. రెండూ కోసినవా?"

"ఒకటే కోశాను. రెండోది వచ్చే ఏడాదికి దాచాను" అన్నాను. నా పొదుపును మెచ్చుకుంటాడేమోనని కూడా అనుకున్నాను.

మామ కట్ట మీద కూలబడ్డాడు. "ఇది మా నాయిన వేలుముద్ర. బొటనేలికి కొడవలి తెగిన గీత ఉండేది, సూడు, గీడ అడ్డంగ. మందికి కావలి కాసి కాసి మూడెకరాలు కొన్నడు. గా కాయితాలు పానం లెక్క సూస్కొమ్మని చెప్పి పోయిండు. సోమారం కోర్టుల ఏం సూపెట్టాలె?"

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ముక్కను కండువా కొసన ముడేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. చప్పట్లు కొట్టిన ఊరంతా ఇప్పుడు వంగి గడ్డిలో కాగితం తునకలు ఏరుతోంది.

ఇంటికొచ్చి మిగిలిన ఏడు గుండ్లనూ పళ్లెం నీళ్లలో నానబెట్టి, అత్తయ్య, సుజాత, నేను ఒక్కో అంగీ విప్పాం.

"రాసింది కండ్లకు కనబడలేదా?" అంది సుజాత.

"కనబడింది. చదవడం రాలేదు."

"సదువరానిదల్లా కోస్తరా? నాకు ఫిజిక్స్ సదువరాదు, మీ పుస్తకాలు కొయ్యన్నా?"

గంజి రాసి ఏడు పట్టీలనూ, దొరికిన తునకలనూ చీర పెట్టె అట్ట మీద అతికించాం. మర్నాడు పొద్దున్నే ఆ అట్టను ఒళ్లో పెట్టుకుని మామ, రెండో కాగితం ఉన్న గొట్టం పట్టుకుని నేను మిర్యాలగూడ బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన రెండు చేతులూ అట్ట మీద కప్పి తునకలు గాలికి ఎగిరిపోకుండా కాపాడుకున్నాడు. కిటికీ వేయమని మాత్రం నాతో అనలేదు.

మిర్యాలగూడలో ఖాజా సాబ్ అని ఒక ముసలాయన ఉండేవాడు. పాత తహసీలు కచేరీలో రాతపని చూసే ముంషీగా చేసి రిటైరయ్యాడు. నిజాము కాలం రాతలు చదవాలంటే చుట్టుపక్కల ఆయనే దిక్కు. ముందు మా అట్ట వంక చూశాడు.

"యే క్యా హై నర్సయ్యా, ఇది కాయితమా, బొంతనా?"

"అల్లుడు తుపాకిల పెట్టి కాల్చిండు సాబ్."

ఖాజా సాబ్ నా వంక చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ముందు మంచిగున్నది ఇయ్యి" అన్నాడు.

గొట్టంలోంచి రెండో కాగితం తీసి ఇచ్చాను. పెదాలు కదుపుతూ చదివాడు. చివరిదాకా చదివి కాగితాన్ని మామ చేతిలో పెట్టాడు.

"జర పైలంగ ఉంచుకో. నీ మూడెకరాల ఖరీదు కాయితం ఇదే. నలుదిక్కుల హద్దులు అన్నీ ఉన్నయ్. పరేషాన్ గాకు."

మామ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు, విడవలేదు. పొదుపు గుణం మంచిదని నేను ముందే చెప్పానా లేదా.

"మరి నేను కోసింది ఏంటండీ?" అన్నాను.

ఖాజా సాబ్ అట్టను ఒళ్లోకి తీసుకున్నాడు. మూడు పట్టీలు తలకిందులుగా అతికించామట. అట్టను అటూ ఇటూ తిప్పుతూ, మధ్యలో పోయిన చోట్ల ఆగుతూ చదవసాగాడు. కాసేపటికి ఆయన పొట్ట కదలడం మొదలైంది.

"ఇది ముచ్చెల్క నర్సయ్యా. మీ నాయిన కచేరీల రాసిచ్చిన పూచీ. దసరా నాడు నా అల్లుడు నా తుపాకి కాల్చె, ఆ సప్పుడుకు శిస్తు లెక్కకొచ్చిన గిర్దావర్ సాబ్ గుర్రం బెదిరె, సాబ్ పొయ్యి వరి మడిల పడె. నాది తప్పు. ఇగ మీద మా ఇంటి అల్లుండ్లు ఎవరొచ్చినా, ఎంత బతిమాలినా, వాండ్ల చేతికి ఈ తుపాకి ఇయ్య. ఇట్లు, వేలుముద్ర."

మామ ఒక్కసారిగా నవ్వాడు. ఆ మనిషి అంత నవ్వగలడని నాకు తెలియదు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ అన్నాడు, "గిదా సంగతి. మా అక్క మొగుడు, హుజూర్‌నగర్ బావ దసరాకొస్తే సాలు, నాయిన తుపాకి తీస్కపొయ్యి గడ్డివాముల దాస్తుండె. ఎందుకో నాకు ఇయ్యాల్టిదాంక తెల్వదు."

సోమవారం కోర్టులో మామ ఆ ఖరీదు కాగితం చూపించాడు, తగాదా తేలి గట్టు ఉన్నచోటే నిలిచింది. తొంభైల్లో మామ తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించేశాడు. ఇప్పుడు మామా లేడు. ఆయన నవ్వు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది, అది తలుచుకుంటే నేను చేసిన పనికి పెద్దగా పశ్చాత్తాపం కూడా కలగదు.

ఆ రోజు మిర్యాలగూడ నుంచి ఇంటికి రాగానే మామ ఒక స్టాంపు కాగితం, కలం నా ముందు పెట్టాడు.

"ముచ్చెల్క పొయ్యింది గద, కొత్తది రాయి. ఈసారి తెలుగుల రాయి అల్లుడా. వచ్చేటి అల్లుడు కోసే ముందు సదువుకుంటడు."

రాశాను. సుజాత సాక్షి సంతకం చేసింది. తుపాకి ముట్టనని, గుండుకు అంగీ తొడగనని, నాకు చదవడం రానిదాన్ని పనికిరానిదని ఈ జన్మలో అననని రాసి, సంతకం సరిపోదని మామ పట్టుబడితే, బీఎస్సీ ఫస్టు క్లాసువాణ్ణి, బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర కూడా వేశాను.